రోడ్డు వైపు నాలుగు పట్టీలు

గొర్రెలు రోడ్డెక్కాయి. నూట పన్నెండు గొర్రెలు. వాటి వెనక ఒక అమ్మాయి పరిగెత్తుతోంది, చేతిలో తెల్లరంగు పూసిన ఇనప మేకుల కట్టతో.

రోవన్ టీస్‌డేల్ పికప్ బండి ఆపి దిగాడు.

"గేటు మూయడం ఎవరూ నేర్పలేదా మీకు?"

"గేటు ఎలా ఉంటే అలా వదలమని నేర్పారు. నేనొచ్చేసరికి బార్లా తెరిచి ఉంది."

"మా గేటు ఎప్పుడూ తెరిచి ఉండదు."

"ఇవాళ ఉంది. పోట్లాట తర్వాత పెట్టుకుందాం. ముందు ఆ మూడింటినీ ఆపండి, పెర్త్ దాకా వెళ్ళిపోయేలా ఉన్నాయి."

పెర్త్ నగరం అక్కడికి రెండు వందల ఎనభై కిలోమీటర్లు. గొర్రెలు ఒకటిన్నర కిలోమీటరు వెళ్ళాయి. వాటిని మళ్ళించి లోపలికి తోలడానికి ఇద్దరికీ నలభై నిమిషాలు పట్టింది. ఆఖరి గొర్రె లోపలికి పోతున్నప్పుడు రోవన్‌కు గుర్తొచ్చింది. పొద్దున ఆరింటికి నీళ్ళ తొట్టి చూడటానికి ఆ గేటు తీసింది తనే. బయటికి వస్తుంటే ఫోను మోగింది.

గుర్తొచ్చింది కాని చెప్పలేదు. నలభై నిమిషాలు దోషిని చేసి తిట్టిన మనిషికి ఇప్పుడేం చెబుతాం అనుకున్నాడు.

"నా పేరు థియా లిండ్నర్" అందామె మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ. "రైతుల బృందం తరఫున మీ పొలంలో ప్రయోగానికి పట్టీలు గుర్తు పెట్టడానికి వచ్చాను. మీ నాన్నగారికి తెలుసు."

"నాకు తెలీదు."

"మీరు మీటింగుకి రాలేదు."

"ఆ రోజు ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఉంది."

"మీరు ఫుట్‌బాల్ ఆడతారా?" థియా గొర్రెల వైపు చూసింది. "చూస్తే అనిపించలేదు. ఆ ముసలి పొట్టేలు మిమ్మల్ని రెండుసార్లు దాటిపోయింది."

వారాజిన్ పట్నం చుట్టుపక్కల నలభై ఆరు రైతు కుటుంబాలు కలిసి నడుపుకుంటున్న బృందం అది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో రైతులే తేల్చుకుంటారు. ఎవరి పొలంలో వెతకాలో వాళ్ళే ఒప్పుకుంటారు. లెక్కలు తీయడానికి మాత్రం ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ ఏడాది ఆ మనిషి థియా. ఆమెను ఒక్క సీజనుకే తీసుకున్నారు. సెప్టెంబరులో రైతులంతా పొలం దగ్గర చేరే క్షేత్ర దినోత్సవం నాడు ఫలితాలు విని, ప్రయోగం ఇంకో మూడేళ్ళు సాగాలో వద్దో చేతులెత్తి చెబుతారు. వద్దంటే ఆమె సామాను సర్దుకోవాలి.

ఆ ఏటి ప్రశ్న వాన గురించి. ఏప్రిల్ చివర్లో, అక్కడి చలికాలానికి ముందు, పడవలసిన తొలి వాన ఏటేటా మే దాటి జూన్‌లోకి జరుగుతోంది. మార్చిలో ఉరుములతో పడిన వాన తడి మాత్రం నేల లోపల మిగిలి ఉంటోంది. గోధుమను మామూలుగా నాలుగు సెంటీమీటర్ల లోతులో కాకుండా, పన్నెండు సెంటీమీటర్లు దింపి ఆ తడిలోనే విత్తితే? అంత లోతు నుంచి పైకి రాగల రకం ఒకటి దొరికింది. ఉద్యోగానికి అడిగినప్పుడే థియా ఈ ప్రయోగం కాగితం మీద రాసి పంపింది.

టీస్‌డేల్ పొలంలో ఎనిమిది పట్టీలు గుర్తు పెట్టారు. అవి రోడ్డు దగ్గర మొదలై, నాలుగు వందల మీటర్లు పోయి, ఒక గుట్ట ఎక్కి దిగి, ఏడు వందల మీటర్ల దగ్గర కంచె వద్ద ఆగుతాయి. ఒకటి లోతు, దాని పక్కన ఒకటి మామూలు, మళ్ళీ ఒకటి లోతు. మామూలు పట్టీలు పోలిక కోసం. బృందంలో వాటిని కంట్రోల్ అంటారు.

"కంట్రోల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు" అంది థియా మేకు దిగ్గొడుతూ.

"ఎండిపోతే?"

"ఎండిపోవాలి."

"పురుగు పడితే?"

"తిననివ్వాలి."

"మీకు జాలి లేదా?"

"ఉంది. అందుకే నాలుగే పెట్టాను."

ఏప్రిల్ ఆఖరున ఎనిమిది పట్టీలూ విత్తారు. మే ఆరున అయిదు మిల్లీమీటర్ల వాన పడింది. నేల పైపొర తడిసింది. కంట్రోల్ పట్టీల్లో విత్తనాలు ఆ తడికి మొలిచాయి. తర్వాత మూడు వారాలు చుక్క లేదు. మొలకలు మాడిపోయాయి. పక్కనున్న లోతు పట్టీల్లో మాత్రం పైరు జానెడు లేచింది. రోడ్డు మీంచి చూస్తే ఒక ఆకుపచ్చ చార, ఒక దుమ్ము చార, మళ్ళీ ఒక ఆకుపచ్చ చార.

థియా అర మీటరు చదరపు చట్రం నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, లోపలి మొక్కలు లెక్కపెట్టేది. రోవన్ పక్కన నిలబడి పుస్తకంలో అంకెలు రాసేవాడు. మొదటిసారి అటుగా వెళ్తున్నానని ఆగాడు. రెండోసారి కూడా అటుగానే వెళ్తున్నానన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు.

"చదరపు మీటరుకు సగటున లోతు పట్టీలో తొంభై నాలుగు. కంట్రోల్‌లో పదకొండు." థియా నడుము పట్టుకుని లేచింది. "మీ పొలం నాకు చాలా నచ్చుతోంది."

"పదకొండు మొక్కలున్నందుకా?"

"పదకొండే ఉన్నందుకు."

ఆ మాటకు రోవన్ నవ్వాడు. అదే వారం ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం నవ్వలేకపోయాడు. మైదానానికి వెళ్ళాలంటే ఊరంతా ఆ పొలం ముందు నుంచే పోవాలి.

"ఏరా రోవన్, మీ నాన్న చారల చొక్కా కొన్నాడా, లేక పొలాన్నే కుట్టించాడా?" అన్నాడు షేన్. చిన్నప్పటి నుంచి ఒకే జట్టులో ఆడుతున్నారు ఇద్దరూ.

"అది ప్రయోగంరా."

"ప్రయోగమా? మా నాన్న ఇంకేదో అన్నాడు. నెవిల్ టీస్‌డేల్‌కి వయసు మీదపడి విత్తే యంత్రంలో గింజలు పొయ్యడం మర్చిపోయాడన్నాడు."

అందరూ నవ్వారు. అందులో పగ ఏమీ లేదు. కాని ఆ ప్రాంతంలో రైతు రైతును కొలిచేది బండి కిటికీలోంచే. నెవిల్‌కు అరవై ఒకటి. నలభై ఏళ్ళుగా రోడ్డు పక్క పొలాన్ని అన్నిటికంటే ముందు విత్తి, అన్నిటికంటే శుభ్రంగా ఉంచాడు.

నెవిల్ ఏమీ అనలేదు. ప్రయోగానికి ఒప్పుకున్నది తనే కాబట్టి అనడానికీ లేదు. అయితే మే నెల ఆఖరి వారంలో రోవన్ ఒక సంగతి గమనించాడు. బ్రెడ్డు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళిన తండ్రి ఉత్తరం వైపు నుంచి ఇంటికి వస్తున్నాడు. అది చుట్టుదారి. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ.

"ఆ దారిన ఎందుకొచ్చావు నాన్నా?"

"ఊరికే" అన్నాడు నెవిల్. మర్నాడూ ఆ దారినే వచ్చాడు.

జూన్ మూడున పద్దెనిమిది మిల్లీమీటర్లు పడింది. అయిదో తారీకు శనివారం. జట్టుకు వేరే ఊళ్ళో మ్యాచ్, గోలుకు ఆరు పాయింట్లిచ్చే అక్కడి ఫుట్‌బాల్. సగం ఊరు జట్టుతో పోయింది. కాలు బెణికిందని రోవన్ ఆగిపోయాడు. మధ్యాహ్నం ట్రాక్టరుకు విత్తే యంత్రం తగిలించి నాలుగు కంట్రోల్ పట్టీలనూ తిరిగి విత్తాడు. ట్రాక్టరు ఉపగ్రహం చూపిన గీత మీద తనంత తనే నడుస్తుంది, రెండు సెంటీమీటర్ల తేడా రాదు. పాత సాళ్ళలోనే కొత్త గింజలు పడ్డాయి. గంటన్నర పని.

పద్నాలుగు రోజులకు చారలు పోయాయి. నెవిల్ మామూలు దారిలో ఇంటికొచ్చాడు.

జూన్ ఆఖరులో థియా చట్రం పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"నూట ఎనిమిది" అంది. "ఇదెలా?"

రోవన్ పుస్తకంలోకి చూస్తూ "వాన పడింది కదా" అన్నాడు.

"చచ్చినవి చావగా మిగిలిన గింజలు ఇన్ని ఉన్నాయా నేలలో? చూడండి, పాత మొక్కకు మూడు పిలకలున్నాయి. పక్కదానికి రెండే ఆకులు." ఆమె ముఖం నేలకు జానెడు దూరంలో ఉంది. "కొన్ని గింజలు ఆగి ఉన్నాయన్నమాట. ఆగి, అసలు వాన చూసుకుని లేచాయి. తెలివైనవి."

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ పికప్‌లోకి పరిగెత్తారు. వాన బండి పైకప్పు మీద ఎంత గట్టిగా పడుతోందంటే, మాట వినపడాలంటే దగ్గరికి జరగాలి. జరిగారు.

"మీ కాలెలా ఉంది?" అంది థియా.

"నొప్పి తగ్గలేదింకా."

"ఏ కాలు?"

"ఎడమది."

"ఇందాక పరిగెత్తేటప్పుడు కుడికాలు కుంటుతూ వచ్చారు. పోయిన వారం ఊళ్ళో కనిపించినప్పుడు అసలు కుంటలేదు."

"మీరు మొక్కల్ని లెక్కపెట్టడానికొచ్చారా, నా కాళ్ళనా?"

"ఎదుట ఏదుంటే అది లెక్కపెట్టడం నాకు అలవాటు." అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. "మ్యాచ్ ఎగ్గొట్టారని షేన్ చెప్పాడు. నాకు చెప్పడానికి ఇష్టం లేకపోతే చెప్పకండి. అబద్ధం మాత్రం ఒకే కాలి మీద ఆడండి."

రోవన్ అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచాడు కూడా. థియా తన తడిసిన టోపీ తీసి, నీళ్ళు కిటికీ బయటికి పిండి, ఇటు తిరిగి నవ్వింది. అతను నోరు మూసుకున్నాడు.

జూలైలో ఒకసారి వచ్చింది. ఆగస్టులో రెండుసార్లు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రోవన్ చెప్పాలనుకున్నాడు. ఒకసారి నెవిల్ టీ ఫ్లాస్కుతో వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ఒకసారి థియా తన తాత ద్రాక్షతోట గురించి మొదలుపెట్టి గంట మాట్లాడింది, అతను గంటా విన్నాడు. ఇంకోసారి ఏ అడ్డూ లేదు. అయినా చెప్పలేదు.

సెప్టెంబరు పదమూడు, సోమవారం. క్షేత్ర దినోత్సవానికి నాలుగు రోజులుంది. బృందం ఆఫీసు నలభై అయిదు కిలోమీటర్ల అవతల, వారాజిన్ టౌన్‌హాలు వెనక గదిలో. థియా ఉండేదీ అక్కడే. రోవన్ వెళ్ళేసరికి థియా బల్ల మీద పెద్ద కాగితం పరిచి రాస్తోంది. పైన శీర్షిక ఉంది: 'లోతుగా విత్తడం వల్ల లాభం కనిపించలేదు.'

"ఇదేంటి?"

"నిజం" అంది థియా. "లోతు పట్టీల్లో కంకులు రెండు వందల అరవై. కంట్రోల్‌లో రెండు వందల నలభై అయిదు. పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చాయి, అంతే. ఈ మాత్రానికి ఎవరూ యంత్రాలు మార్చుకోనక్కర్లేదు. నా ఆలోచన తప్పు. శుక్రవారం అదే చెబుతాను."

"అలా చెబితే ప్రయోగం ఆపేస్తారు."

"ఆపెయ్యాలి కూడా."

"మరి నువ్వు?"

"వేరే ఊరు చూసుకుంటాను." కలం మూత పెట్టింది. "అలా చూడకు. నేనన్నది నిజం కావాలని కాదు కదా ప్రయోగం చేసేది."

రోవన్ కుర్చీ వెనక నిలబడి దాని అంచు పట్టుకున్నాడు.

"కంట్రోల్ నేను తిరిగి విత్తాను."

"జోకు బాలేదు."

"జూన్ అయిదు. శనివారం. నాలుగూ విత్తాను."

థియా లేవలేదు. "ఎందుకు?"

"రోడ్డు మీంచి కనిపిస్తోంది."

ఆమె ఇంకేదో చెబుతాడని ఆగింది.

"అంతే" అన్నాడు. "షేన్ వాళ్ళు నవ్వారు. నాన్న చుట్టుదారిన తిరిగాడు. నేను తట్టుకోలేకపోయాను."

"ఈ మూడు నెలలు నేను మోకాళ్ళ మీద వంగి నీ గింజలు లెక్కపెట్టాను రోవన్. నువ్వు పక్కన నిలబడి రాసుకున్నావు. ఆ అంకెలు నీ చేతిరాతలో ఉన్నాయి."

"తెలుసు."

"తెలివైన గింజలన్నాను. అప్పుడైనా నీకు చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది. నువ్వు నవ్వావు."

"అయితే తప్పు నాదన్నమాట."

"కాదు. గేటు కూడా నేనే తెరిచిపెట్టాను."

"ఏ గేటు?"

"మొదటి రోజు. గొర్రెలు."

థియా అతని వైపు చూసింది. "ఇంకా ఏమైనా ఉన్నాయా? ఉంటే ఒక్కసారే చెప్పెయ్."

"ఒకటుంది. ఇప్పుడు చెప్పకూడదు."

"అయితే చెప్పకు." కొత్త కాగితం లాక్కుంది. గొంతు ఆఫీసు గొంతు అయింది. "లోతెంత?"

"నాలుగు సెంటీమీటర్లు."

"విత్తనం ఎంత వేశావు?"

"ముందు వేసినంతే. ట్రాక్టరు తెరలో లెక్క ఉంటుంది. తేదీతో సహా."

"ఎంత పొడవున?"

"గుట్ట దాకా."

కలం ఆగింది. "గుట్ట దాకా అంటే?"

"ఎక్కేదాకా. అవతల రోడ్డుకు కనిపించదు కదా."

"అవతల విత్తలేదా?"

"ఎవరూ చూడని చోట ఎందుకు విత్తుతాను?"

అతను మాట పూర్తి చేసేసరికి థియా బండి తాళాలు తీసుకుని గుమ్మం దాటింది.

గుట్ట అవతల కంచె దాకా మూడు వందల మీటర్లు. చారలు అక్కడ మే నెలలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. లోతు పట్టీల్లో పైరు నడుము దాకా ఉంది, కంట్రోల్‌లో నేల కనిపిస్తోంది.

థియా లెక్కపెట్టడానికి పెట్టుకున్న గుర్తులన్నీ గుట్టకు ఇవతలే. నేల ఒకే రకంగా ఉంటుందని అలా పెట్టుకుంది. మేకులు దిగ్గొట్టిన రోజు తప్ప అయిదు నెలల్లో ఒక్కసారి కూడా గుట్ట ఎక్కలేదు.

రోవన్ జేబులోంచి పెన్ను తీశాడు.

"నువ్వు రాయొద్దు" అంది. "టేపు పట్టుకో. చాలు."

సాయంత్రం దాకా టేపు పట్టుకున్నాడు. ఆమె ఇరవై నాలుగు చోట్ల చట్రం పెట్టింది. ఆఖరి చోట లెక్కపెట్టి, సగటు వేసి, నేల మీద కూర్చుంది. అటు తిరిగి ఉంది. నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు.

"మొక్కలు తొమ్మిది. కంకులు యాభై ఎనిమిది" అంది చివరికి. "లోతు పట్టీల్లో ఇక్కడ కూడా రెండు వందల యాభై."

"అంటే నీ మాటే నిజం."

"ఈ ఏడాదికి, ఈ పొలంలో." లేచి మోకాళ్ళు దులుపుకుంది. "శుక్రవారం నా తప్పు నేను చెబుతాను. గుట్ట ఎక్కి చూడలేదని. నీది నువ్వు చెప్పాలి. అందరి ముందు."

"నాన్న కూడా ఉంటాడు."

"పొలం ఆయనది. ఉండాలి."

"చెబితే నన్ను క్షమిస్తావా?"

"దానికోసమైతే అసలు చెప్పకు" అంది థియా, చట్రం భుజానికి తగిలించుకుని.

శుక్రవారం ఎనభై ముగ్గురు వచ్చారు. పికప్ బండ్లు రోడ్డు పక్కన వరసగా ఆగాయి. షేన్ పెనం దగ్గర నిలబడి సాసేజ్‌లు కాలుస్తున్నాడు. బృందం అధ్యక్షురాలు ఐరిస్ హాలెట్ మడత కుర్చీలో ముందు వరసలో కూర్చుంది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు, ఇప్పటికీ తన పొలం తనే విత్తుకుంటుంది. ప్రశ్నలు అడగడంలో ఆమెకు మొహమాటం లేదని అందరికీ తెలుసు.

థియా ముందుగా తన తప్పు చెప్పింది. తర్వాత "రోవన్ ఒక మాట చెబుతాడు" అని పక్కకు జరిగింది.

రోవన్ టోపీ తీశాడు. అతని వెనక ఎనిమిది పట్టీలూ ఒకే రంగులో ఉన్నాయి.

"ఈ కంట్రోల్ కంట్రోల్ కాదు. జూన్ అయిదున నేను తిరిగి విత్తాను. గుట్ట దాకా. రోడ్డు మీంచి కనిపించేంత వరకు." ఆగాడు. "ఎవరూ చెయ్యమనలేదు. సిగ్గేసి చేశాను. థియాకు మూడు నెలలు చెప్పలేదు. మీరందరూ ఈ ఫలితం నమ్మి వచ్చే ఏడాది విత్తేవాళ్ళు. అది నా తప్పు."

షేన్ పెనం మీంచి తలెత్తాడు.

"అంటే ఆ రోజు కాలు బెణకలేదా?" అన్నాడు షేన్. "ముప్ఫై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాంరా మేము!"

నవ్వు ఒక మూల మొదలై అంతటా పాకింది. అందులోంచి నెవిల్ గొంతు వినిపించింది.

"నాకు తెలుసు."

రోవన్ తిరిగి చూశాడు.

"మర్నాడే తెలుసు" అన్నాడు నెవిల్, టోపీ చేత్తో తిప్పుతూ. "నా యంత్రంలో గింజలు తగ్గితే నాకు తెలీదా? నేనూ నోరెత్తలేదు. పచ్చగా అయ్యాక ఈ దారినే తిరుగుతున్నాను. వాడొక్కడిదే కాదు తప్పు."

"మీ ఇంట్లో ఇద్దరికీ నోళ్ళు ఉన్నట్టు ఇవాళే తెలిసింది" అంది ఐరిస్. మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వలేదు. "సరే. థియా, ఇప్పుడు నీ దగ్గర ఏముంది?"

"మూడు జవాబులున్నాయి" అంది థియా. "లోతుగా విత్తితే ఏమైంది. మామూలుగా విత్తి వదిలేస్తే ఏమైంది. మామూలుగా విత్తి, చచ్చాక మళ్ళీ విత్తితే ఏమైంది. మూడోది నేను అడగని ప్రశ్న. కాని మీలో చాలామంది చేసేది అదే. రెండింతల విత్తనం పోసి, పన్నెండు రోజులు ఆలస్యంగా, లోతు పట్టీలకు కాస్త తక్కువగా వచ్చింది. అందరూ గుట్ట ఎక్కండి. నా మాట మీద నమ్మొద్దు."

ఎనభై ముగ్గురూ గుట్ట ఎక్కారు. అవతల చాలాసేపు నిలబడ్డారు. కొందరు మోకాళ్ళ మీద వంగి మట్టి తవ్వి, గింజ ఎంత లోతులో ఉందో వేలుతో కొలుచుకున్నారు. దిగి వచ్చాక ప్రశ్నలు మొదలయ్యాయి. వాన ఎంత, నేల ఎలాంటిది, వేరే రకమైతే ఏమవుతుంది. నలభై నిమిషాలు. చివర్లో ఐరిస్ కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలోని కాగితాలు తిప్పింది.

"ప్రయోగం పద్ధతిలో మూడు లెక్కలని రాశావు. మే, జూన్, ఆగస్టు."

"అవును."

"పొలం పుస్తకంలో ఏడు ఉన్నాయి."

థియా చెవులు ఎర్రబడ్డాయి. "మిగతా నాలుగూ ఫలితాల్లో కలపలేదు."

"కలపలేదు సరే. ఎందుకు తీశావు? రానూ పోనూ తొంభై కిలోమీటర్లు. ఏదో కారణం ఉండాలి కదా."

"ప్రయోగానికి అవి అక్కర్లేదు."

"మరి దేనికి అక్కర?"

షేన్ సాసేజ్ తిప్పడం ఆపేశాడు. ఎనభై ముగ్గురూ జవాబు కోసం చూస్తున్నారు. థియా ఒకసారి నేల వైపు, ఒకసారి కాగితం వైపు చూసింది.

"దాని జవాబు పొలం వాళ్ళకు విడిగా చెబుతాను" అంది.

"నాకా?" అన్నాడు నెవిల్.

ఈసారి ఐరిస్ కూడా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, చేతులెత్తమంది. ప్రయోగం ఇంకో మూడేళ్ళు సాగాలన్నవాళ్ళు డెబ్బై ఒక్కరు. వద్దన్నవాళ్ళు అయిదుగురు. మిగతావాళ్ళ చేతుల్లో తినే ప్లేట్లు ఉన్నాయి.

"వచ్చే ఏడాది పొలం ఎవరిస్తారు?" అంది ఐరిస్.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ కంట్రోల్ గుర్తొచ్చింది.

"ఇదే తీసుకోండి" అన్నాడు నెవిల్. "కంట్రోల్ రోడ్డు వైపే ఉంచండి. ఈసారి చస్తే చావనిద్దాం. ఏమ్మా థియా, సరేనా?"

"సరేనండి."

"అయితే మా ఊళ్ళోనే ఇల్లు చూసుకో. ఇంకా తొంభై కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతావు?" అని నెవిల్ టీ బల్ల వైపు వెళ్ళాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చెయ్యి. ఆ జవాబేదో అప్పుడు చెబుదువుగాని. నాకైనా సరే, వాడికైనా సరే."

జనం టీ చుట్టూ చేరారు. థియా పట్టీల అంచున నిలబడి కాగితాలు గాలికి ఎగరకుండా క్లిప్పు పెడుతోంది. రోవన్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఆదివారం దాకా ఆగాలా?" అన్నాడు.

"నిన్ను చూడటానికి వచ్చాను" అంది థియా, క్లిప్పు మీద నుంచి చూపు తిప్పకుండా. "నాలుగుసార్లూ. మిగతా మూడూ మొక్కల కోసమే, తేడా నాకు తెలుసు." అప్పుడు తలెత్తింది. "ఇంకా కోపం ఉంది."

"ఉండాలి."

"మూడేళ్ళు ఇక్కడే ఉంటాను రోవన్. ఈ మూడేళ్ళలో నాకు చెప్పకుండా ఏదైనా చేశావంటే."

"చెప్పే చేస్తాను."

"చెప్పు మరి."

"ఇప్పుడు నీ చెయ్యి పట్టుకోబోతున్నాను."

థియా చుట్టూ చూసింది. టీ బల్ల దగ్గర షేన్ ఎవరి మోచేతినో పొడుస్తున్నాడు. ఇంటికి బయలుదేరిన బండ్లు రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి. ప్రతి కిటికీలోంచి ఒక ముఖం ఇటే చూస్తోంది.

"రోడ్డు మీంచి కనిపిస్తాం" అంది.

"కనిపించనీ" అని రోవన్ చెయ్యి చాపాడు.